కుక్క ఒంటిపై మచ్చలా.. మందు రాసే ముందు నొక్కి చూడండి
* దోమకాటనుకొనే ఎర్రచుక్కల వెనుక పిడుదు జ్వరం
* చెరువు మందులు, కాలిన ఆయిల్ పూస్తే ప్రాణాలకే ముప్పు

కైకలూరు: చేపల చెరువు గట్టున కాపలా కాసే కుక్క వెల్లకిలా పడుకొన్నప్పుడు దాని పొట్టపై ఆవగింజంత ఎర్రచుక్కలు కనిపిస్తే ఎవరైనా మొదట దోమలు కుట్టాయనే భావిస్తారు. కొల్లేటి పరిసర గ్రామాల్లో దోమలకు కొదవ లేదు గనుక ఆ అనుమానం సహజమే. గత వర్షాకాలంలో ఈ విలేకరి ఇంట్లోనూ అదే పొరపాటు జరిగింది.

మా జాకీ వయసు ఐదేళ్లు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో బాతుల మందలను కాసిన జోనంగి జాతి పోలికలు కొంత ఉన్న గోధుమరంగు కుక్క. ఒత్తయిన బొచ్చు ఉండదు కాబట్టి ఒంటి మీద ఏ మార్పు వచ్చినా కంటికి ఆనుతుంది. మొదటి రోజు పొట్ట మీద, తొడల సందుల్లో పది పన్నెండు ఎర్రచుక్కలు కనిపించాయి. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాశాం. మరునాటికి చుక్కలు రెట్టింపయ్యాయి. గోక్కోవడం మాత్రం లేదు. దురద లేని మచ్చ ప్రమాదం లేని మచ్చేనని ధీమాగా ఉండిపోయాం. మూడో రోజు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు తెల్లవారేసరికి అరుగు మీద రక్తపు బొట్లు ఉన్నాయి. చూస్తే ముక్కు నుంచి కారుతున్నది.

అప్పటికి వీధిలో నలుగురూ చేరారు. చేపపేనుకు చెరువులో చల్లే మందు కాస్త నీళ్లలో కలిపి పోస్తే పురుగంతా చస్తుందని ఒకరు, ట్రాక్టరు నుంచి దింపిన కాలిన ఆయిల్ పూయాలని మరొకరు సలహా ఇచ్చారు. ఎవరో విషం పెట్టారని ఇంకొకరు గొంతు తగ్గించి చెప్పారు. ఆ మాట విన్నాక కొంతసేపు ఈ విలేకరి కూడా పక్కింటి వైపు చూసిన మాట వాస్తవం. చివరకు ఆటోలో పట్టణానికి తీసుకుపోయాం. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్ల సంఖ్య 34 వేలు అని తేలింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మైక్రోలీటరు రక్తంలో సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల వరకు ఉంటాయి. జాకీకి వచ్చింది పిడుదు జ్వరం. పొట్ట మీది చుక్కలు చర్మవ్యాధి కావు, చర్మం కింద జరుగుతున్న రక్తస్రావం.

మచ్చ అనేది రోగం పేరు కాదు

పల్లెల్లో కుక్క ఒంటి మీద ఏది కనిపించినా దానికి గజ్జి అనే ఒక్క పేరే పెట్టడం పరిపాటి. వాస్తవానికి ఎర్రచుక్క, నల్లమచ్చ, బొచ్చు రాలిన గుండ్రటి చోటు, చీముపొక్కు వేర్వేరు కారణాలతో వస్తాయి. ఒకదానికి వాడిన మందు మరొకదానికి విషమయ్యే అవకాశమూ ఉంది. కాబట్టి మందు వెతకడానికి ముందు మచ్చ ఎక్కడ ఉంది, దురద ఉందా లేదా, బొచ్చు ఊడిందా, నొక్కితే రంగు మారుతోందా అన్నవి చూడటం ముఖ్యం. వీటిలో చివరిది యజమానులకు ఎక్కువగా తెలియదు. నాలుగింటిలో ప్రాణాపాయాన్ని ముందుగా పట్టి ఇచ్చేది అదే.

పరీక్ష చాలా తేలిక. పలుచని గాజు గ్లాసు అడుగుభాగాన్ని ఎర్రచుక్క మీద ఉంచి మెల్లగా అదమాలి. దోమకాటు, దద్దురు వంటివైతే అక్కడి రక్తం ఇంకా నాళాల్లోనే ఉంటుంది కనుక ఒత్తిడికి పక్కకు జరిగి ఎరుపు తెల్లబారుతుంది. గ్లాసు తీయగానే మళ్లీ ఎర్రబడుతుంది. ఎంత నొక్కినా ఎరుపు చెదరకుండా ఉంటే రక్తం నాళం దాటి చర్మంలోకి చేరిందని అర్థం. అటువంటి చుక్కలు తొలుత ఎర్రగా, తర్వాత ఊదారంగుకు, ఆపై గోధుమరంగుకు మారుతాయి. కొన్నిచోట్ల కలిసిపోయి కమిలిన దెబ్బలా కనిపిస్తాయి. నల్లటి చర్మం గల కుక్కల్లో పొట్ట మీద ఇవి తెలియవు. పెదవి పైకెత్తి చిగుళ్లను, చెవి లోపలి వైపును, కంటి తెల్లగుడ్డును చూడాలి.

నొక్కినా పోని చుక్కలు ఉన్న కుక్కను ఆ రోజే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. జాకీ విషయంలో మేము పోగొట్టుకొన్నది మూడు రోజులు. అంతకుమించి ఆలస్యమైతే నష్టం పూడ్చలేనిదయ్యేది.

పిడుదు కాటుతో మొదలు

డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల గురించి నేడు ప్రతి ఇంటా తెలుసు. రక్తనాళాలకు పడే సూక్ష్మమైన చిల్లులను ఎప్పటికప్పుడు పూడ్చే కణాలివి. అవి తగ్గిపోతే పొట్ట, తొడల వంటి పలుచటి చర్మం ఉన్నచోట ముందుగా రక్తం చిమ్మి చుక్కలవుతుంది. కుక్కల్లో ఈ పరిస్థితిని తెచ్చేవాటిలో మన ప్రాంతంలో ప్రధానమైనది ఎర్లిషియా కేనిస్ అనే సూక్ష్మజీవి. దీనిని మోసుకొచ్చేది గోధుమరంగు కుక్క పిడుదు. కొన్ని ఊళ్లలో దీన్నే గోమారి అంటారు. పిడుదు కరిచి పట్టుకొన్న కొద్ది గంటల్లోనే సూక్ష్మజీవి కుక్క రక్తంలోకి చేరగలదు. ఒకటి నుంచి మూడు వారాల తర్వాత జ్వరం, మందకొడితనం, తిండి మానడం, మెడ కింద గడ్డలు వాయడం, ముక్కు నుంచి రక్తం వంటి లక్షణాలు బయటపడతాయి. అప్పటికి ఆ పిడుదు రాలిపోయి ఉంటుంది. అందువల్లనే ఒంటి మీద ఒక్క పిడుదూ లేదు కదా అని యజమాని వాదించడం, వైద్యుడు నవ్వడం జరుగుతుంటాయి.

ఈ జబ్బును తొలిసారి 1935లో అల్జీరియాలో గుర్తించారు. 1960వ దశకం చివర్లో వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం వినియోగించిన శునకాలు వందల సంఖ్యలో దీని బారిన పడి ముక్కు నుంచి రక్తం కారి మరణించిన తర్వాతే ప్రపంచం దృష్టి దీనిపై పడింది. వాటిలో అధికం జర్మన్ షెపర్డ్ జాతివి. ఆ జాతిలో ఈ వ్యాధి తీవ్రంగా ఉంటుందని అప్పటి నుంచి పశువైద్యులు చెబుతూనే ఉన్నారు. మన పట్టణాల్లో ఇప్పుడు ఆ జాతిని ముచ్చటపడి కొనేవారు ఎక్కువయ్యారు గనుక ఈ సంగతి చెప్పక తప్పదు.

ఈ జబ్బులోని మోసం మరొకటి ఉంది. చికిత్స లేకున్నా కొన్ని కుక్కలు రెండు మూడు వారాల్లో కోలుకొన్నట్లు కనిపిస్తాయి. సూక్ష్మజీవి మాత్రం శరీరంలో దాగి నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు గడిచాక ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. ఆ దశకు చేరితే బతికించడం కష్టం. డాక్సీసైక్లిన్ అనే మందును కుక్క బరువును బట్టి సాధారణంగా నాలుగు వారాల పాటు ఇస్తారు. రెండు మూడు రోజులకే కుక్క లేచి తిరగడం మొదలుపెడుతుంది. ఇక నయమైందని మందు మానేసేవారు చాలామంది. ఈ మాత్రను ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకొంటుంది కనుక అన్నంతో కలిపి ఇవ్వాలి. పాలలో కలిపి ఇవ్వరాదు.

అదే పిడుదు బెబీసియా అనే మరో పరాన్నజీవిని కూడా ఎక్కించగలదు. ఇది ఎర్ర రక్తకణాలను చీల్చుతుంది. చిగుళ్లు పాలిపోవడం లేదా పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం దీని గుర్తులు. పశువులకు మూత్రం ఎర్రగా వచ్చే జబ్బు పాడి రైతులకు తెలిసినదే. దానికి ఇది దగ్గరి చుట్టం. రెండింటికీ వాడే మందులు వేరు. చుక్కలు చూసి మాత్ర చెప్పమని ఫోనులో అడగడం వల్ల ఉపయోగం లేకపోవడానికి కారణం ఇదే. గాజు పలకపై రక్తపు పూత తీసి సూక్ష్మదర్శినిలో చూడాల్సిందే.

విషం పెట్టారన్న నింద

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పుకోవాలి. జాకీకి ముందు మా ఇంట రాజు అనే కుక్క ఉండేది. ముక్కు నుంచి రక్తం కారుతూ ఒక రాత్రి చనిపోయింది. గట్టు సరిహద్దు విషయంలో అప్పటికే పొరుగు రైతుతో మాటపట్టింపు ఉంది. విషం పెట్టింది అతడేనని ఇంట్లో అందరం నమ్మాం. రెండేళ్లు ఇరుకుటుంబాల మధ్య మాటల్లేవు. చనిపోవడానికి వారం ముందు రాజు పొట్ట మీద ఇవే చుక్కలు ఉన్నట్లు, దోమలని తీసిపారేసినట్లు మా ఇంట్లో ఆడవారికి ఇప్పుడు గుర్తుకు వచ్చింది. పరీక్ష చేయించలేదు గనుక ఫలానా జబ్బేనని చెప్పలేం. ఫలానా మనిషేనని కూడా చెప్పకుండా ఉండవలసింది.

అయితే విషప్రభావాన్ని పూర్తిగా కొట్టివేయడానికీ లేదు. డెల్టా పొలాల్లో ఎలుకల నిర్మూలనకు బ్రోమడయోలోన్ కలిపిన ఎరను వాడటం తెలిసిందే. ఆ మందు రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. ఎరను గాని, అది తిన్న ఎలుకలను గాని కుక్క తింటే రెండు నుంచి ఐదు రోజుల తర్వాత ఒంట్లో పలుచోట్ల రక్తస్రావం మొదలవుతుంది. చిన్న చుక్కల కంటే పెద్దపెద్ద కమిలిన మచ్చలు, ఆయాసం, దగ్గు ఎక్కువగా కనిపిస్తాయి. ఇది ఎవరూ పగబట్టి పెట్టనవసరం లేని విషం. పొలంలో ఎలుకల మందు పెట్టిన రోజులు గుర్తుంటే వైద్యునికి చెప్పాలి. దీనికి విరుగుడుగా కె విటమిన్ ఉంది. సకాలంలో ఇస్తే బతికే అవకాశాలు బాగా ఉంటాయి.

దురద పెట్టే మచ్చలు

అన్ని మచ్చలూ ఇంత భయపెట్టేవి కావు. వయసు మళ్లుతున్న కుక్కల పొట్ట మీద చదునుగా, నునుపుగా, దురద లేకుండా వచ్చే నల్లమచ్చలు చాలావరకు రంగు మార్పు మాత్రమే. మనుషులకు పుట్టుమచ్చలు వచ్చినట్లే. పాత పుండు మానిన చోట చర్మం నల్లబడటం కూడా సాధారణం. అయితే మచ్చ ఉబ్బినా, అంచులు పెరుగుతున్నా, రక్తం కారినా చూపించాలి. అది కణితి కావచ్చు.

అసలైన గజ్జి విషయానికి వస్తే అందులోనూ రెండు రకాలు. చెవుల అంచులు, మోచేతులు, మడమల వద్ద మొదలై రాత్రీ పగలూ కుక్కను నిలవనీయని దురద పెట్టేది ఒకటి. చెవి అంచును వేళ్లతో రుద్దగానే కుక్క వెనుకకాలు దానంతట అదే గోకుతున్నట్లు ఆడితే ఈ రకాన్ని అనుమానిస్తారు. ఇది అంటువ్యాధి. కుక్కను ఒడిలో పెట్టుకొనే పిల్లలకు చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి పొక్కులు రావచ్చు. కుక్కకు నయమైతే మనుషుల్లో సాధారణంగా తగ్గిపోతుంది. రెండో రకం డెమోడెక్స్ అనే సూక్ష్మ కీటకం వల్ల వచ్చేది. పుట్టిన తొలి రోజుల్లో తల్లి నుంచి పిల్లకు చేరి, చాలా కుక్కల బొచ్చు కుదుళ్లలో ఏ హానీ చేయకుండా బతుకుతుంది. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు కళ్ల చుట్టూ, మూతి మీద, ముందుకాళ్ల మీద బొచ్చు ఊడి మచ్చలు పడతాయి. మొదట్లో దురద పెద్దగా ఉండదు. ఏడాదిలోపు పిల్లల్లో ఒకటి రెండు మచ్చలే ఉంటే చాలావరకు వాటంతట అవే మానతాయి. ఇది మనుషులకు అంటదు.

గుండ్రంగా బొచ్చు ఊడి, అంచున పొట్టు లేచే మచ్చ తామర కావచ్చు. ఇది బూజు వల్ల వస్తుంది. మనుషులకు అంటుతుంది. పిల్లల చేతి మీద, మెడ మీద ఉంగరంలాంటి మచ్చ వస్తే ఇంట్లోని కుక్కను, పిల్లిని కూడా పరీక్షించాలి. ఇక కుక్కపిల్లల పొట్ట మీద కనిపించే చిన్న చీముపొక్కులు శుభ్రత లోపించిన తడినేలల్లో పెరిగేవాటికి తరచుగా వస్తాయి. పక్క ఆరబెట్టి శుభ్రంగా ఉంచితే చాలావాటికి సగం వైద్యం జరిగినట్లే.

మందే మృత్యువైతే..

మచ్చ కంటే మచ్చకు చేసే సొంతవైద్యమే ఎక్కువ కుక్కలను బాధిస్తోందని చెప్పడానికి వెనుకాడనవసరం లేదు. కాలిన ఇంజిన్ ఆయిల్ గజ్జి పురుగుకు ఊపిరాడనీయదనే నమ్మకం తరాలుగా ఉంది. కుక్క తన ఒళ్లు తానే నాకుతుందన్న సంగతి ఎవరికీ తోచదు. అందులోని లోహాలు, ఇంధన వ్యర్థాలు కడుపులోకి పోతాయి. కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది. నాకితే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పొగాకు కషాయంలోని నికోటిన్ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

చేపల చెరువులున్న గ్రామాల్లో అదనపు ప్రమాదం ఉంది. చేపపేను నివారణకు వాడే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందుల సీసాలు ప్రతి మకాంలోనూ మిగిలి ఉంటాయి. కొలత లేకుండా అవి పోసిన కుక్కలు నోటి నుంచి చొంగ కార్చి, వణికి, మూర్ఛపోతాయి. పశువుల పిడుదులకు వాడే అమిట్రాజ్ ద్రావణం కుక్కలకూ వాడతారు గానీ సీసాపై సూచించిన నీళ్లు కలపకుండా పోస్తే కుక్క మత్తులోకి జారి గుండె వేగం తగ్గుతుంది. గేదెలకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదిమందు కోలీ వంటి కొన్ని విదేశీ జాతులకు జన్యుపరమైన కారణంగా ప్రాణాంతకం. వాటి సంకరాలకూ ఆ ముప్పు ఉంటుంది.

జ్వరం ఉంది కదా అని ఇంట్లోని పారాసెటమాల్ వేయడం మరో పొరపాటు. మోతాదు మించితే కాలేయం, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను పాడుచేస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకు ఆస్పిరిన్ ఇవ్వడమంటే కారుతున్న రక్తానికి దారి చూపడమే. మందుల దుకాణంలో తామరకని ఇచ్చే గొట్టాల్లో స్టెరాయిడ్ కలిసినవి ఎక్కువ. రాసిన రెండు రోజులకు ఎరుపు తగ్గి లోపల బూజు పాకుతుంది. డెమోడెక్స్ మచ్చకు అవి మరీ చేటు.

పసుపు, కొబ్బరినూనె వల్ల అంత కీడు లేదు. కానీ చుక్కల మీద పసుపు పూసి రంగు కనపడకుండా చేసుకొన్నది మేమే.

గోడ పగుళ్లలో అసలు గూడు

కుక్కకు వైద్యం చేసి ఇంటిని వదిలేస్తే నెల తిరగకుండా మళ్లీ పిడుదులు పడతాయి. కుక్క మీద కనిపించేవి మొత్తంలో కొద్ది భాగమే. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు రాలిపోయి గోడ పగుళ్లలో, తలుపు వెనుక, గోనెపట్టాల మడతల్లో వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి పెద్దదయ్యే వరకు మూడుసార్లు కుక్కను ఎక్కి దిగుతుంది. తిండి లేకుండా నెలల తరబడి పగుళ్లలో బతకగలదు. పైకి పాకే స్వభావం ఉన్నందున పశువుల పాక దూలాల వరకూ చేరుతుంది. పగుళ్లను సిమెంటుతో పూడ్చడం, కుక్క పడుకొనే పట్టాలను వేడినీళ్లలో ఉడికించడం లేదా తగలబెట్టడం, వైద్యుడు చెప్పిన పిచికారీని కుక్కను దూరంగా కట్టివేసి రెండు వారాల వ్యవధితో మళ్లీ చేయడం అవసరం. మెడపై చుక్కగా వేసే మందులు, నమిలించే మాత్రలు ఇప్పుడు పట్టణాల్లో దొరుకుతున్నాయి. మూర్ఛలు వచ్చే కుక్కలకు కొన్ని మాత్రలు పనికిరావు గనుక అడిగి వేయాలి.

పిడుదును చేతితో చిదమకూడదు. పట్టకారుతో చర్మానికి ఆనుకొని పట్టి నిటారుగా లాగి సబ్బునీళ్లలో వేయాలి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ చుక్క వేయడం వద్దు. చెవి లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద రోజూ ఒకసారి చూస్తే చాలు. ఎర్లిషియా జబ్బు ఉన్న కుక్కను తాకినంత మాత్రాన మనిషికి అంటదు.

వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు

మచ్చలను పగటి వెలుతురులో, పక్కన రూపాయి బిళ్ల ఉంచి సెల్‌ఫోనులో ఫొటో తీసి ఉంచుకొంటే రోజురోజుకూ పెరుగుదల తెలుస్తుంది. ఆసుపత్రికి వెళ్లే ముందు స్నానం చేయించవద్దు, నూనెలు రాయవద్దు. గజ్జి నిర్ధారణకు చర్మాన్ని గీకి చూడాల్సి ఉంటుంది. ఆ గీకుడులో నూనె, పసుపు వస్తే లాభం లేదు. ఇంతకుముందు ఏ మందు వాడారో దాచకుండా చెప్పాలి. బాధలో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది కాబట్టి మూతికి మెత్తటి గుడ్డ కట్టి తీసుకువెళ్లడం మేలు. ఆయాసపడుతున్నా, ముక్కు నుంచి రక్తం వస్తున్నా మాత్రం కట్టరాదు.

ఆసుపత్రి దూరమైన గ్రామాల వారు సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. రక్తపరీక్ష వంటి వాటికి గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఈ ప్రాంతానికి అందుబాటులో ఉంది.

జాకీకి నాలుగు వారాలూ మందు వేశాం. పదో రోజు పరీక్షలో ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి, నెల చివరకు 2 లక్షల 20 వేలకు చేరాయి. పొట్ట మీది చుక్కలు ఊదారంగుకు, తర్వాత గోధుమరంగుకు మారి మాయమయ్యాయి. పక్కింటి రైతు కుక్క పొట్ట మీద ఎర్రచుక్కలు కనిపించాయని సంక్రాంతికి ముందు అతడే గ్లాసు పట్టుకొని మా అరుగు ఎక్కాడు. నొక్కితే తెల్లబారాయి. దోమలే.